గట్టు ఆవలి బిడ్డ

మేము నివసించే ఊరి పేరు కాత్ర్ బోర్న్. ఫ్రెంచి భాషలో ఆ మాటకు నాలుగు సరిహద్దు రాళ్ళు అని అర్థం. పూర్వం నాలుగు చెరకు ఎస్టేట్ల హద్దులు ఇక్కడ కలిసేవి కనుక ఆ పేరు వచ్చినదని పెద్దలు చెబుతారు. నేడు ఆ ఎస్టేట్లు లేవు, వాటి నడుమ చెరకు తోటలూ లేవు. అయినా హద్దులు మాత్రం పోలేదు. పాఠశాలల లెక్కలో మా ఊరు నాలుగవ జోన్‌లో ఉన్నది. బస్సెక్కితే కొద్ది నిమిషాలలో చేరగల రోజ్ హిల్ రెండవ జోన్‌లో ఉన్నది. ఆ రెండింటి నడుమ ఉన్న గీత బాటసారికి కనబడదు. ఆరవ గ్రేడు చదివే బిడ్డ ఉన్న ఇంటికి మాత్రం అది గోడవలె కనబడుతుంది.

రెండేళ్ళ క్రితం ఒక ఆదివారం మధ్యాహ్నం మా అక్క రోజ్ హిల్ నుండి మా ఇంటికి వచ్చింది. పెరట్లో కాసిన చూచూ కాయలు సంచినిండా తెచ్చింది. టీ తాగి, కుశల ప్రశ్నలు ముగించి, అసలు సంగతి చెప్పింది. ఆమె మనవరాలు ఆ ఏడు ఆరవ గ్రేడు పరీక్ష వ్రాయబోతున్నది. మా జోన్‌లో మంచి పేరున్న ఒక కాలేజీలో ఆ పిల్లను చేర్చాలని ఇంటిల్లిపాదీ కోరిక. "నీ కరెంటు బిల్లు నకలు ఒకటి ఇయ్యి తమ్ముడూ. పిల్ల నీ ఇంట్లోనే ఉండి చదువుకుంటున్నదని ఒక కాగితం వ్రాసి సంతకం పెట్టు. అంతకన్న ఏమీ అక్కరలేదు" అన్నది. అక్క క్రియోల్‌లో అన్న మాటలను మేము తెలుగులో వ్రాస్తున్నాము. మా తరంలో చాలా ఇళ్ళలో తెలుగు పూజగదిలో మిగిలింది, వంటింట్లో మిగలలేదు. మేము కూడా ఈ భాషను మందిరంలోని సాయంకాలపు తరగతిలో, తల నెరిసిన తరువాత, అక్షరం అక్షరం కూడబలుక్కొని నేర్చుకున్నవారమే.

అక్కకు వెంటనే జవాబు చెప్పలేకపోయాము. ఒక రాత్రి గడువు అడిగాము. ఆ రాత్రి మొదలైన ఆలోచనే ఈ వ్యాసం. తన బిడ్డకు మేలు కోరి హద్దు దాటించడం తప్పా? తప్పయితే, ఆ హద్దును గౌరవించి ఊరకుండడం ఒప్పు అవుతుందా? ఈ రెండు ప్రశ్నలూ ఒకటే అని మేము చాలాకాలం అనుకున్నాము. అవి వేరు వేరని ఆ రాత్రి తెలిసింది.

మన పూర్వులు కోస్తా జిల్లాల పల్లెల నుండి వచ్చినవారు. కోరింగి రేవు పేరును బట్టి ఈ దీవిలో మనవారిని చాలాకాలం కోరంగివారని పిలిచేవారు. చేనూ చెలకా ఎరిగిన ఆ మనుషులకు గట్టు అంటే ఏమిటో ఒకరు చెప్పనక్కరలేదు. రాత్రివేళ గట్టును జానెడు జరపడం దొంగతనం కన్న హీనమైన పని అని పల్లెలలో ఎంచేవారు. దొంగ వచ్చి ఒక్కసారి తీసుకుపోతాడు. గట్టు జరిపినవాడు ప్రతి పంటలోనూ తీసుకుంటాడు. పైగా నష్టపోయినవాడు ప్రక్కనే నిలబడి, తన పంట ఎందుకు తగ్గిందో తెలియక, తన సేద్యాన్నే నిందించుకుంటాడు.

చిరునామా మార్చి వ్రాయడం ఇటువంటి పనేనా? మేము ముప్పై ఏళ్ళకు పైగా గణితం బోధించిన వారము కనుక ముందు లెక్క చూశాము. ఒక కాలేజీలో ఏడవ గ్రేడుకు ఉన్న స్థానాలు ఇన్ని అని నిర్ణయమై ఉంటాయి. పిల్లల ఫలితాలు, తల్లిదండ్రులు కోరిన కాలేజీల వరుస, ఇంటికీ బడికీ ఉన్న దూరం, వీటిని బట్టి ఆ స్థానాలను పంచుతారు. మా ఇంటి చిరునామాతో మా అక్క మనవరాలు ఒక స్థానం పొందితే, ఆ వరుసలో చివరన ఉన్న ఒక బిడ్డ బయటకు జరుగుతుంది. ఆ బిడ్డ పేరు మాకు తెలియదు. ఆమె తల్లి బట్టల ఫ్యాక్టరీలో పని చేస్తున్నదో, తండ్రి బస్సు నడుపుతున్నాడో తెలియదు. పేరు తెలియదు కనుక ఆమె లేనట్టే మనకు తోస్తుంది. నష్టం ఎవరికీ జరగలేదని మనసు చెప్పుకొంటుంది. పొరుగువాని గట్టు జరిపినప్పుడు కనీసం వాని ముఖం తెలుసు. ఇక్కడ అదీ లేదు.

ఇంతవరకు లెక్క తేలికగానే వచ్చింది. కాగితం ఇవ్వరాదని తేలిపోయినట్టే అనిపించింది. కాని అడిగినది ఎవరో పరాయివారు కాదు, మా అక్క. ఆ సంగతి ఇక్కడ చెప్పక తప్పదు.

మేము పుట్టినది ఫ్లాక్ జిల్లాలో, చెరకు తోటల నడుమ ఉన్న ఒక చిన్న ఊరిలో. నాన్న ఎస్టేటు కూలీ. అక్క మాకన్న రెండేళ్ళు పెద్దది. లెక్కలలో ఆమెకు ఉన్న చురుకు మాకు ఎన్నడూ లేదు. వారం చివర నాన్న కూలి డబ్బు తెచ్చినప్పుడు, ఎన్ని రోజులు పని జరిగింది, ఎంత కోత పడింది, దుకాణంలో అప్పు ఎంత అనేవి అక్క నోటితో చెప్పేది. నాన్న ఆమె మాటనే నమ్మేవాడు. ప్రాథమిక పాఠశాల చదువు అక్క 1968లో ముగించింది. అప్పటికి కాలేజీ చదువు ఉచితం కాదు. ప్రతి నెలా ఫీజు కట్టాలి, పుస్తకాలు కొనాలి, బస్సు ఖర్చు పెట్టాలి. నాన్న ఒక్కరి ఖర్చు మాత్రమే భరించగలడు. రెండేళ్ళలో కొడుకు ఎదిగి వస్తున్నాడు కనుక ఆ డబ్బును దాచి ఉంచాడు. 1970లో మేము కాలేజీలో చేరాము. అప్పటికే అక్క తలకు గుడ్డ చుట్టుకొని, తెల్లవారుజామున ఇతర ఆడవారితో కలిసి చెరకు తోటలో కలుపు తీయడానికి పోతున్నది. 1977లో మన దేశంలో మాధ్యమిక విద్య అందరికీ ఉచితమైంది. ఆ ఏటికి అక్కకు ఇరవై యొక్క ఏళ్ళు నిండి, చంకలో ఒక బిడ్డ ఉన్నది.

ఈ కథలో ఎవరూ అబద్ధమాడలేదు. ఎవరూ దొంగ చిరునామా వ్రాయలేదు. నాన్న చెడ్డవాడు కాదు. ఆనాటి నియమాలన్నీ చక్కగా పాటించబడ్డాయి. అయినా తక్కువ ప్రతిభ ఉన్నవాడు ఉపాధ్యాయుడయ్యాడు, ఎక్కువ ప్రతిభ ఉన్న పిల్ల కలుపు తీసింది. ఆ ఆదివారం లేచి పోతూ అక్క గుమ్మం దగ్గర ఆగి అన్న మాట ఇదే. "నాకు బదులు నువ్వు కాలేజీకి పోయిన రోజున కూడా అన్ని కాగితాలూ సరిగానే ఉన్నాయి తమ్ముడూ."

ఇక ఈ దీవిలో జల్లెడ కథ కొంచెం చెప్పాలి. ఉచిత విద్య వచ్చిన తరువాత ఫీజు అనే జల్లెడ పోయింది. దాని స్థానంలో పరీక్ష అనే జల్లెడ నిలిచింది. పదకొండేళ్ళ బిడ్డలు సీపీఈ పరీక్ష వ్రాసేవారు. దేశమంతటి బిడ్డలనూ ఒక వరుసలో నిలబెట్టి, ముందున్న కొన్ని వందల మందిని రాయల్ కాలేజీ, క్వీన్ ఎలిజబెత్ కాలేజీ వంటి పేరుపొందిన కాలేజీలకు పంపేవారు. వాటిని స్టార్ స్కూళ్ళు అనేవాళ్ళము. తొమ్మిదేళ్ళ పసివాళ్ళు బడి ముగిశాక ట్యూషన్, ఆదివారం మళ్ళీ ట్యూషన్ అంటూ తిరిగేవారు. ఫలితాలు వచ్చిన రోజున కొన్ని ఇళ్ళలో మిఠాయిలు, కొన్ని ఇళ్ళలో చావు జరిగినంత నిశ్శబ్దం.

ఆ జల్లెడ మన భాషను కూడా తాకింది. ఆ వరుసలో ఇంగ్లీషు, గణితం, ఫ్రెంచి, పర్యావరణ పాఠాల మార్కులు లెక్కకు వచ్చేవి. తెలుగు, హిందీ, తమిళం, ఉర్దూ వంటి భాషల మార్కులు రావాలా వద్దా అన్నది దేశమంతటా పెద్ద వివాదమైంది. 1995లో ప్రభుత్వం ఇందుకోసం రాజ్యాంగాన్ని సవరించాలని ప్రయత్నించి, తగిన ఓట్లు దొరకక, శాసనసభను రద్దు చేసి ఎన్నికలకు పోయింది. ఆ ఎన్నికలలో ప్రధాన దీవిలోని 60 స్థానాలూ ప్రతిపక్షానికే పోయాయి. పదకొండేళ్ళ పిల్లల మార్కుల పట్టిక ఒక ప్రభుత్వాన్ని కూల్చడంలో భాగం పంచుకున్నదని ఇతర దేశాలవారికి చెబితే నమ్మరు.

ఆ రోజులలో మేము గట్టిగా తెలుగు మార్కుల పక్షాన నిలిచాము. మన పిల్లవాడు కష్టపడి నేర్చిన భాషకు విలువ లేదా అని అడిగాము. ఆ ప్రశ్న ఇప్పటికీ తప్పు కాదు. కాని ఆవలి వాడలో ఉన్న క్రియోల్ బిడ్డకు ఇంట్లో అటువంటి భాష ఏదీ లేదు. మన బిడ్డకు ఒక మెట్టు పెరిగితే ఆ బిడ్డకు ఒక మెట్టు తగ్గుతుంది. ఆ సంగతి మాకు తెలియకపోలేదు. తెలిసీ దాని వైపు చూడలేదు. ఆ కాలంలోనే ఒకనాడు సాయంకాలపు తరగతిలో ఒక పిల్లవాడు పలక మీద ఒక మాట వ్రాసి, దీనికి ఎన్ని మార్కులు అని అడిగాడు. అమ్మ అనే మాట అది. వాని తప్పేమీ లేదు. స్థానాలు తక్కువగా ఉన్నచోట దేనినైనా తూకపు రాయిగా మార్చుకోవడం మేమే వానికి నేర్పాము.

తరువాత సంస్కరణలు వచ్చాయి. కొత్త శతాబ్దం మొదట్లో ప్రభుత్వం దేశవ్యాప్తమైన ర్యాంకులను తీసివేసి, దీవిని నాలుగు జోన్లుగా విభజించింది. బిడ్డ తన జోన్‌లోని కాలేజీలోనే చదవాలన్నది ఉద్దేశం. కొద్ది కాలానికే ప్రభుత్వం మారింది. ఏ-ప్లస్ అనే కొత్త గ్రేడు వచ్చింది. దానితో జాతీయ కాలేజీల కోసం పోటీ తిరిగి వచ్చింది. 2017లో సీపీఈ స్థానంలో పీఎస్‌ఏసీ అనే పరీక్ష వచ్చింది. దానితో బిడ్డలు ఏడవ గ్రేడు నుండి తొమ్మిదవ గ్రేడు వరకు తమ ప్రాంతపు కాలేజీలో చదవాలన్న నియమం వచ్చింది. తొమ్మిదవ గ్రేడు చివర మరొక జాతీయ పరీక్ష పెట్టారు. అందులో ఉన్నత ఫలితాలు సాధించినవారిని అకాడమీలకు పంపాలని ఏర్పాటు చేశారు. పాత స్టార్ స్కూళ్ళలో పేరుపొందినవి అకాడమీలు అయ్యాయి. అంటే జల్లెడ పోలేదు. పదకొండేళ్ళ దగ్గర నుండి పదిహేనేళ్ళ దగ్గరకు జరిగింది. ఇది చిన్న మేలు కాదని మేము ఒప్పుకుంటాము. పదిహేనేళ్ళ బిడ్డ తనను తాను కొంత ఎరుగును. పదకొండేళ్ళ బిడ్డ తల్లి ముఖాన్ని మాత్రమే ఎరుగును.

ప్రతిభ గల బిడ్డలను వేరుగా చదివించడమే అన్యాయమని వాదించేవారు ఉన్నారు. మేము అంత దూరం పోలేము. తరగతిలో లెక్క ఇచ్చిన రెండు నిమిషాలకే ముగించి, మిగిలిన ముప్పై ఎనిమిది నిమిషాలు కిటికీలోనుండి చూస్తూ కూర్చున్న పిల్లలను మేము చూశాము. అది కూడా ఒక విధమైన ఆకలి. ఆకలిగొన్నవానికి, అందరితో సమానంగా ఉండు, ఇంతే తిను అని చెప్పడం ధర్మం కాదు. కాని ఆకలి ఎవరికి ఉన్నదో ఎలా తెలుసుకుంటున్నాము అన్నదే ప్రశ్న. మన బడులలో పాఠాలు ఇంగ్లీషులో, సగం వివరణ ఫ్రెంచిలో, ఇంటి మాట క్రియోల్‌లో సాగుతాయి. తల్లిదండ్రులు చదువుకున్న ఇంట్లో బిడ్డకు ఈ మూడింటి నడుమ వంతెనలు ఉంటాయి. లేని ఇంట్లో ఆ బిడ్డ తానే ఈదాలి. పరీక్షలో ఇద్దరికీ ఒకే మార్కు వస్తే వారి ప్రతిభ సమానమా? ఒకరికి రెండు మార్కులు తక్కువ వస్తే ఆమెకు ఆకలి లేదా? పరీక్ష పత్రాలు దిద్దుతూ ఎన్నో రాత్రులు గడిపిన మాకు ఒక సంగతి తెలుసు. పత్రం మీద పడే అంకెలో బిడ్డ ఎంత, ఇల్లు ఎంత, ట్యూషన్ ఎంత అన్నది ఏ ఎర్ర సిరా కలమూ విడదీయలేదు.

మన మందిరాలలో భారతం చెప్పేటప్పుడు ఏకలవ్యుని కథ వస్తుంది. వింటున్నవారు గురుభక్తికి చేతులు జోడిస్తారు. మేము ఉపాధ్యాయులమైన తరువాత ఆ కథలో ఏకలవ్యుని కన్న ద్రోణుడే మమ్ము ఎక్కువ బాధించాడు. ద్రోణుడు చెడ్డ గురువు కాడు. అర్జునుని ప్రతిభ అబద్ధం కాదు. అర్జునుడు రాత్రి చీకటిలో కూడా సాధన చేసినవాడు. కాని, నీకు సాటివాడు లోకంలో ఉండడని గురువు మాట ఇచ్చాడు. ఒక బిడ్డకు బాగా నేర్పుతానని మాట ఇవ్వవచ్చును. నిన్ను మించినవాడు ఉండడని మాట ఇస్తే, దానిని నిలబెట్టుకోవడానికి ఎక్కడో అడవిలో ఒకరి బొటనవేలు అడగవలసి వస్తుంది. మన బిడ్డ బాగా చదవాలి అన్న కోరికకూ, మన బిడ్డే ముందుండాలి అన్న కోరికకూ తేడా అక్కడ ఉన్నది. మొదటి కోరిక ఎందరికైనా ఒకేసారి తీరుతుంది. రెండవది తీరాలంటే ఇంకొకరు వెనుక ఉండి తీరాలి.

ఈ సంగతిని సాయంకాలపు తరగతిలో మా తోటివారితో చర్చించాము. పేర్లు చెప్పలేదు. మూడు విధాల సమాధానాలు వచ్చాయి.

అందరూ చేస్తున్నారు, మనం ఒక్కరం మానితే ఏమి లాభం అని కొందరన్నారు. దీనికి మా జవాబు సులభం. అందరూ గట్టు జరిపే ఊరిలో నష్టపోయేది గట్టు జరపలేని వాడే. మారు చిరునామా వ్రాయాలంటే ఆవలి జోన్‌లో ఇల్లున్న చుట్టం ఉండాలి. ఆ చుట్టం పేరున కరెంటు బిల్లు ఉండాలి. ఇవేవీ లేని బిడ్డే చివరకు బయట నిలబడుతుంది. అందరూ చేస్తున్నారు అన్నప్పుడు, చేయగలిగినవారందరూ చేస్తున్నారు అనే అర్థం. చేయలేనివారు ఆ అందరిలో లేరు.

తనకు మాలిన ధర్మం మొదలు చెడ్డ బేరం అని ఒక పెద్దావిడ సామెత చెప్పింది. ఆ సామెతలో నిజం ఉన్నది. ఎవరో తెలియని బిడ్డ కోసం సొంత మనవరాలి భవిష్యత్తును నరికేయమని ఏ శాస్త్రమూ చెప్పలేదు. కాని ఇక్కడ నరకబడుతున్నది ఏమిటి? రోజ్ హిల్‌లోనూ కాలేజీలు ఉన్నాయి, చదివి పైకి వచ్చిన పిల్లలు ఉన్నారు. మన మనవరాలు పోగొట్టుకునేది పేరును, చదువును కాదు. తనకు మాలడం అంటే తన అన్నం పోవడం. తన విస్తరిలో ఒక పిండివంట తగ్గడం కాదు.

మూడవది మా అక్క మాట. నియమమే అన్యాయమైనప్పుడు దానిని దాటడం తప్పెలా అవుతుంది? దీనికి తరగతిలో ఎవరూ జవాబు చెప్పలేదు. మేమూ చెప్పలేదు. ఆనాటి ఫీజు నియమాన్ని ఎవరైనా మోసం చేసి అక్కను కాలేజీలో కూర్చోబెట్టి ఉంటే, మేము వారికి ఈనాటికీ నమస్కరించి ఉండేవారము. కనుక నియమం కాబట్టి పాటించాలి అని చెప్పే అర్హత మాకు లేదు.

అయినా ఒక భేదం మాకు కనబడింది. ఫీజు కట్టకుండా అక్క ఆ బడిలో కూర్చొని ఉంటే డబ్బు నష్టమయ్యేది. ఇంకొక పేద బిడ్డ బయటకు పోవలసిన అవసరం ఉండేది కాదు. చిరునామా మార్చితే మాత్రం ఆ నియమం వలన ఇప్పటికే నష్టపోతున్న మరొక బిడ్డ నుండే మనం తీసుకుంటాము. అన్యాయమైన గట్టును పీకివేయడం వేరు. గట్టును అలాగే ఉంచి, మన చేను వరకు జరుపుకోవడం వేరు. మొదటిది చేసినవాడు వెలుగులో చేస్తాడు, నలుగురికీ చెబుతాడు. రెండవది చేసినవాడు ఆ గట్టు ఎప్పటికీ ఉండాలనే కోరుకుంటాడు, ఎందుకంటే ఇప్పుడు అది అతనికి లాభం.

మరునాడు రోజ్ హిల్‌కు పోయి, కాగితం ఇవ్వలేమని అక్కకు చెప్పాము. మేము ఆలోచించినదంతా చెప్పబోయాము. ఆమె వినలేదు. "నీకు చదువు ఉన్నది, మాటలు వస్తాయి" అని లోపలికి పోయింది. ఏడు నెలలు మా ఇంటికి రాలేదు. ఆ ఏడు నెలలలో మేము చేసినది సరి అయినదన్న నమ్మకం మాకు ప్రతిరోజూ లేదు. కొన్ని రాత్రులు మేము ధర్మాన్ని కాపాడామా లేక మా చేతులు శుభ్రంగా ఉంచుకున్నామా అని అనుమానం వచ్చేది. అక్క ఖర్చుతో చదువుకున్నవాడు అక్కకే నియమం చెప్పడం కన్న సులభమైన నిజాయితీ ఇంకొకటి ఉన్నదా?

ఆ అనుమానం నుండే మాకు తోచినది ఒకటి ఉన్నది. కాదు అని చెప్పడంతో మా బాధ్యత ముగియలేదు, అక్కడే మొదలైంది. గీత దాటరాదని చెప్పినవాడు, గీత ఇవతల ఉన్న బిడ్డకు నష్టం జరగకుండా చూడవలసినవాడు కూడా అవుతాడు. లేకపోతే ఆ నిజాయితీ ఇతరుల ఖర్చుతో చేసిన నిజాయితీ అవుతుంది. మేము ప్రతి శనివారం మధ్యాహ్నం బస్సెక్కి రోజ్ హిల్‌కు పోయి, అక్క మనవరాలికి గణితం చెప్పడం మొదలుపెట్టాము. మొదట అక్క మాకు ఎదురుపడేది కాదు. కోడలు తలుపు తీసేది. నాలుగు వారాలకు ఆ పిల్ల తన స్నేహితురాలిని తెచ్చుకున్నది. ఆ స్నేహితురాలు ఒక తమ్ముణ్ణి తెచ్చింది. ఇల్లు చాలక మందిరం హాలు అడిగాము. ఇప్పుడు పద్నాలుగు మంది వస్తున్నారు. వారిలో తెలుగు పిల్లలు ఐదుగురు. మిగిలినవారు ఎవరి పిల్లలో మందిరం వారు అడగలేదు. అందుకు వారికి ఈ పత్రిక ద్వారా నమస్కారం చెబుతున్నాము.

ఇది గొప్ప పని అని చెప్పడం లేదు. పద్నాలుగు మంది పిల్లలతో దేశపు పాఠశాలల అసమానత పోదు. పేరున్న కాలేజీకి పేరు ఎందుకు వచ్చింది, ప్రక్క కాలేజీకి ఎందుకు రాలేదు, మంచి ప్రయోగశాల ఒకచోట ఉండి మరొకచోట ఎందుకు లేదు అని పాలకులను అడగవలసిన పని మిగిలే ఉన్నది. ఆ ప్రశ్నను మన బిడ్డకు స్థానం దొరకని ఏడు మాత్రమే అడిగి, దొరికిన ఏడు మానివేయడం మన సంఘాల అలవాటు. మేమూ అదే చేశాము. 1995లో మన భాష కోసం సభలలో మాట్లాడాము. ఆవలి వాడ బిడ్డకు ఏమి ఇవ్వాలని ఒక్క సభలోనూ అడగలేదు.

మన రామభజనలో నడుమ దీపం పెట్టి, చుట్టూ తిరుగుతూ పాడతాము. తెల్లవారేవరకు పాడినా అక్కడ మొదటివాడు ఎవడో చివరివాడు ఎవడో తెలియదు. బడి అలా ఉండదు, ఉండలేదు. బిడ్డలు ఎవరి వేగంతో వారు నడుస్తారు. కాని దీపం నుండి అందరికీ ఉన్న దూరం ఒకటే కావాలని కోరడం అత్యాశ కాదనుకుంటాము.

ఏడు నెలల తరువాత, ఉగాది నాడు, అక్క మందిరానికి వచ్చింది. ప్రసాదం వరుసలో మా ముందు నిలబడి వెనుదిరిగి చూసింది. పిల్ల లెక్కలు ఎలా చేస్తున్నదని అడిగింది. చురుకైనది, నీవలెనే అన్నాము. అక్క కొంతసేపు ఏమీ అనలేదు. తరువాత, "నావలె ఉంటే చాలదు, నీవలె కూర్చోవడానికి చోటు కూడా ఉండాలి" అని, ఉగాది పచ్చడి తీసుకొని ముందుకు జరిగింది. మమ్ము క్షమించిందో లేదో ఇప్పటికీ అడగలేదు.

శనివారం రెండు గంటలకు మందిరం హాలు తెరిచి ఉంటుంది. గణితం మేము చూసుకుంటాము. ఇంగ్లీషు, విజ్ఞానశాస్త్రం చెప్పగల విశ్రాంత ఉపాధ్యాయులు మన పాఠకులలో ఎందరో ఉన్నారని మాకు తెలుసు. ఏ జోన్ బిడ్డ వచ్చినా బల్ల దగ్గర చోటు ఉంటుంది. అక్కడ ఎవరినీ చిరునామా అడగము.